ఉగాది రోజుల్లో ఊరి చుట్టూ పక్షులను చూడటం: తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఒక రోజుకు సమగ్ర మార్గదర్శి

“పక్షులను చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?” అని అడిగేవారికి ఇంతకాలం ఊళ్ల పేర్లు చెబుతూ వచ్చాను. వెళ్లి వచ్చినవారిలో ఎక్కువమంది మళ్లీ రాసిన మాట ఒకటే: “ఏమీ కనబడలేదు.” విచారిస్తే, వారు ఎనిమిదిన్నరకు బయలుదేరి, ఎండకు ఎదురుగా నిలబడి, కనబడిన ప్రతి పిట్ట వెంటా పరుగెత్తి, పదకొండు గంటలకు తలనొప్పితో ఇంటికి చేరినట్టు తేలింది. లోపం చోటులో లేదు, రోజును నడిపిన పద్ధతిలో ఉంది. అందువల్ల ఈ మార్గదర్శిలో మీ ఊరి చెరువు, దాని కట్ట, పక్కనున్న పొలాలు, నాలుగు చెట్లు, ఒక చిన్న గుట్ట ఉంటే చాలునని అనుకుని, ఒక వసంతపు రోజును గంటల వరుసలో ఎలా గడపాలో వివరిస్తున్నాను.

1. రోజును, చోటును ఎంచుకోవడం

మార్చి రెండో వారం నుంచి ఏప్రిల్ రెండో వారం వరకు తెలుగునాట మంచి కాలం. శీతాకాలానికి వచ్చిన బాతులు, ఉల్లంకులు (తడి మట్టిలో మేసే చిన్న పక్షులు) పూర్తిగా వెళ్లిపోయి ఉండవు. ఊళ్లోనే ఉండే పక్షులు కూతలు, జతకట్టడం, గూళ్ల పని మొదలుపెట్టి ఉంటాయి. చెరువుల్లో నీరు తగ్గి, పక్షులన్నీ మిగిలిన కొద్దిపాటి మడుగు చుట్టూ చేరతాయి కాబట్టి చూడటం తేలికవుతుంది.

పేరున్న కేంద్రాలకు ఈ రోజుల్లో వెళ్లేవారు కొంచెం ఆలోచించుకోవాలి. పులికాట్ రాజహంసలు (ఫ్లెమింగోలు), శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోని గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ముఖ్యంగా చలికాలపు దృశ్యాలు. ఎండలు ముదిరాక వెళితే ఖాళీ చెట్లు చూసి రావలసి వస్తుంది. నా అభిప్రాయంలో, వసంతంలో గంటలకొద్దీ ప్రయాణించి చూసే ప్రసిద్ధమైన చోటు కంటే, నడిచి చేరగల మామూలు చెరువే ఎక్కువ ఇస్తుంది. నగరంలో ఉన్నవారికి కూడా ఈ పద్ధతి పనికివస్తుంది. హైదరాబాదువారికి అమీన్‌పూర్ చెరువు, గుంటూరువారికి ఉప్పలపాడు దగ్గరలోనే ఉన్నాయి.

చోటు ఎంచుకునేటప్పుడు నాలుగు రకాల నేల రెండు మూడు కిలోమీటర్ల లోపల ఉందేమో చూడండి: నీరు, కోసిన పొలం, పెద్ద చెట్లు, పొదలున్న బీడు లేదా గుట్ట. నాలుగూ ఉంటే 40 రకాల పక్షులను చూడటం కొత్తవారికి కూడా అసాధ్యమేమీ కాదు.

2. ముందుగా ఒకసారి పక్షుల ఊసు లేకుండా నడవడం

చాలామంది వదిలేసే దశ ఇదే. అసలు రోజుకు నాలుగైదు రోజుల ముందు, సాయంత్రం పూట, బైనాక్యులర్ లేకుండా దారి మొత్తం నడిచి రండి. ఈ నడకలో తేల్చుకోవలసిన విషయాలు ఇవి:

- చెరువుకు తూర్పు ఒడ్డున కూర్చోవడానికి నీడగానీ తుమ్మచెట్టు చాటుగానీ ఎక్కడ ఉంది? ఉదయం సూర్యుడు మీ వీపు వెనక ఉండాలంటే తూర్పు ఒడ్డునే కూర్చోవాలి.
- మిగిలిన నీరు ఎక్కడ ఉంది? సాధారణంగా కట్ట, తూము వైపు లోతుగాను, ఎదుటి శిఖం (చెరువు నిండితే మునిగే నేల) వైపు పలచగాను ఉంటుంది. కాళ్లు పొడవైన పక్షులన్నీ శిఖం వైపే మేస్తాయి.
- పూచిన చెట్లు, కాయలున్న మర్రి, రావి, జువ్వి ఎక్కడ ఉన్నాయి?
- మొండి తాటిచెట్లు ఎన్ని ఉన్నాయి? (పాలపిట్టలు, రామచిలుకలు వాటి తొర్రల్లోనే గూళ్లు పెడతాయి.)
- గట్టు లేని బావులు, తేనెపట్లు, కాపలా కుక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయి?

చివరి అంశంతోపాటు మరొక ప్రమాదం ఉంది. అడవిపందుల బెడద ఉన్న ఊళ్లలో కొందరు పొలాల చుట్టూ తీగ లాగి రాత్రిపూట కరెంటు పెడతారు. అది చట్టవిరుద్ధమే అయినా ఏటా మనుషుల ప్రాణాలు తీస్తోంది. తెల్లవారకముందు చీకట్లో పొలాలకు అడ్డంగా నడవకండి, బండ్లబాటనో చెరువు కట్టనో పట్టుకుని వెళ్లండి.

ఆ సాయంత్రమే పొలాల్లో ఉన్నవారితో రెండు మాటలు మాట్లాడండి. “అన్నా, ఆదివారం పొద్దున పిట్టలు చూడటానికి వస్తాం, వేటకు కాదు” అని చెబితే అనుమానాలు ఉండవు. గొర్రెల కాపరులు, కల్లుగీత పనివారు ఏ చెట్టు మీద ఏ పక్షి వాలుతుందో మనకంటే బాగా ఎరుగుదురు. పెద్దయ్య ఒకరు చూపించిన చింతచెట్టు తొర్రలో గుడ్లగూబలను నేను మూడేళ్లపాటు చూశాను. అంతకుముందు అదే చెట్టు కింద ఎన్నోసార్లు చెప్పులు విడిచి కూర్చున్నా, తల ఎత్తలేదు. అభయారణ్యం గానీ రిజర్వు అడవి గానీ అయితే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

3. సంచిలో ఉండవలసినవి

- బైనాక్యులర్
- చిన్న నోటు పుస్తకం, రెండు పెన్సిళ్లు (చెమట తగిలితే పెన్ను సిరా అలుక్కుపోతుంది)
- మనిషికి కనీసం 3 లీటర్ల నీరు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, వీలైతే మజ్జిగ
- సద్ది: పులిహోర, పెరుగన్నం వంటి చేతికి అందే తిండి
- టోపీ లేదా తువ్వాలు, మడమలు కప్పే బూట్లు, పొడవు చేతుల చొక్కా
- టార్చి, కూర్చోవడానికి పాత గోనెపట్టా
- ఫోను, దానికి పవర్ బ్యాంకు

బట్టల రంగు విషయంలో తెలుపు, ఎరుపు, మెరిసే పసుపు మానేసి, ఎండుగడ్డి రంగు, ముదురు ఆకుపచ్చ, బూడిద రంగు ధరించండి. అత్తరు, సెంటు పూసుకోకపోవడానికి కారణం పక్షులు కావు, తేనెటీగలు.

బైనాక్యులర్ మీద 8x42 అని ఉంటే, 8 అనేది ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అనేది ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో చెబుతుంది. కొనేవారికి నా సలహా 8x42. “పెద్ద అంకె మంచిది కదా” అని 10x50 కొన్నవారు బరువుకు చేయి వణికి, కదిలే పక్షిని పట్టుకోలేక అవస్థపడతారు. కొనే స్తోమత లేకపోతే మొదటి రోజును కళ్లతోనే గడపవచ్చు. చెరువు కట్ట మీద కూర్చున్నవారికి 20 రకాలు కళ్లకే అందుతాయి.

ఫోనులో మెర్లిన్ అనే ఉచిత యాప్‌ను, అందులో భారతదేశపు పక్షుల సమాచారాన్ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే దింపుకోండి. తర్వాత సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. జాబితా రాయడానికి ఈబర్డ్ యాప్ ఉంది. రెండూ కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల తయారుచేసినవే.

4. బైనాక్యులర్‌ను మీ కళ్లకు సరిచేసుకోవడం

కొన్న తర్వాత ఏడాదిపాటు మసకగా చూసి, అదే దాని శక్తి అనుకున్నవారిలో నేనూ ఒకణ్ని. ముందురోజు సాయంత్రం పది నిమిషాలు కేటాయించి, ఈ వరుసలో చేయండి.

1. రెండు గొట్టాలనూ దగ్గరకో దూరానికో వంచి, రెండు వలయాలు ఒకే గుండ్రంగా కనబడేలా చూసుకోండి.
2. కళ్లద్దాలు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పాలి, పెట్టుకోనివారు బయటికి లాగాలి.
3. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న బోర్డు మీది అక్షరాలను చూస్తూ, మధ్య చక్రం తిప్పి స్పష్టం చేసుకోండి.
4. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, మధ్య చక్రాన్ని ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరున్న చిన్న చక్రాన్ని మాత్రమే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేసుకోండి.
5. ఆ చిన్న చక్రం ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకోండి. ఇక దాన్ని కదపనవసరం లేదు.

పక్షిని అందుకోవడానికి ఒకటే కిటుకు. పక్షి మీది నుంచి చూపు తిప్పకుండా, తల వంచకుండా, బైనాక్యులర్‌నే కళ్ల దగ్గరికి తీసుకురావాలి. కాకులను, గోరింకలను లక్ష్యంగా పెట్టుకుని మేడ మీద పదిసార్లు అభ్యాసం చేస్తే చేతికి వస్తుంది. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి. చూపు పోతుంది.

5. తెల్లవారుజాము 5:15 నుంచి 6:15 వరకు: చెవులతో మొదలు

మార్చి నెలాఖరులో మన ప్రాంతంలో సూర్యుడు 6 గంటలకు కాస్త అటూ ఇటూగా ఉదయిస్తాడు. కాబట్టి 5:30 లోపల చెట్లు, పొదలు ఉన్న చోటికి చేరి, నిలబడిపోండి. ఈ గంటలో నడవడం దండగ. వసంతంలో పక్షి కనబడటానికి ముందు వినబడుతుంది, మీ అడుగుల చప్పుడు మొదట చెడగొట్టేది ఆ వినికిడినే.

నోటు పుస్తకంలో పేజీ మధ్య ఒక చుక్క పెట్టండి, అది మీరు. కూత వినబడిన దిక్కున, దూరాన్ని బట్టి గుర్తు పెట్టి, ఆ శబ్దం మీకు ఎలా తోచిందో తెలుగు అక్షరాల్లోనే రాయండి. పేరు తర్వాత తెలుసుకోవచ్చు. సాధారణంగా వినబడేవి ఈ విధంగా ఉంటాయి:

- నైట్‌జార్ (రాత్రిపూట తిరిగే పక్షి): నీళ్ల మీద పెంకు విసిరితే ఎగిరెగిరి పడినట్టు, మొదట విడివిడిగా, తర్వాత త్వరత్వరగా. తెల్లారకముందే ఆగిపోతుంది.
- కోయిల: అందరికీ తెలిసిన “కూ... ఊ” మగదానిది. “కిక్ కిక్ కిక్” అని కంగారుగా అరిచేది ఆడకోయిల.
- పెద్ద నల్లంచి: నలుపు తెలుపుల పిట్ట, ఎత్తైన కొమ్మ చివర కూర్చుని ఈల వేసినట్టు రకరకాలుగా పాడుతుంది.
- కౌజు: బీడు భూముల్లోంచి మూడక్షరాల గట్టి కూత, వెంటవెంటనే.
- జెముడుకాకి: కుండలో నోరు పెట్టి అన్నట్టు “ఊప్ ఊప్ ఊప్”.
- కంసాలి పిట్ట: “టుక్ టుక్ టుక్” అని సుత్తి దెబ్బలు. తల అటూ ఇటూ తిప్పుతూ కూయడంవల్ల శబ్దం ఒకసారి ఒక దిక్కు నుంచి, మరోసారి మరో దిక్కు నుంచి వచ్చినట్టు అనిపిస్తుంది. దాన్ని వెతకవలసింది పెద్ద చెట్టు పైకొమ్మల ఎండు చివరల్లో.

మెర్లిన్ యాప్ శబ్దాన్ని విని పేరు చెబుతుంది. దాని మాటను సూచనగా మాత్రమే తీసుకోండి. పక్షిని కళ్లతో చూశాకనో, ఆ కూత మీకే స్థిరంగా తెలిశాకనో జాబితాలో రాయండి. ఫోనులో పక్షి కూత మోగించి దాన్ని రప్పించే పనిని ఈ కాలంలో అసలు చేయవద్దు. మగపక్షి తన హద్దులోకి మరొకటి వచ్చిందని భ్రమపడి, మేత, గూడు వదిలి మీ ఫోనుతో పోట్లాటకు దిగుతుంది.

6. ఉదయం 6:15 నుంచి 8 వరకు: చెరువు ఒడ్డున

రోజు మొత్తంలో విలువైన సమయం ఇదే కాబట్టి దీన్ని తొందరపడి ముగించకండి. ముందు చూసి పెట్టుకున్న తూర్పు ఒడ్డు చాటుకు వంగి, నెమ్మదిగా, నేరుగా కాకుండా ఏటవాలుగా చేరుకోండి. కట్ట మీద నిటారుగా నిలబడితే ఆకాశం ముందు మీ ఆకారం చెరువంతటికీ కనబడుతుంది. గోనెపట్టా పరచుకుని కూర్చున్నాక, మొదటి పదిహేను నిమిషాలు ఏమీ రాయకండి. మీ రాకతో పక్కకు జరిగిన పక్షులు అంతలోగా తిరిగి వస్తాయి.

తర్వాత చెరువును పట్టీలుగా విభజించుకుని, ఒక్కొక్క పట్టీని ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోవాలి.

*తడి మట్టి అంచు.* ఇక్కడ చిన్నవి ఉంటాయి: తోక ఆడించే కాటుకపిట్టలు, మట్టిలో ముక్కు పొడిచే ఉల్లంకులు, ఎర్రని తిత్తి ముఖం మీద వేలాడే తీతువులు. ఉల్లంకుల్లో చిన్న తేడాలు నిపుణులనే తికమక పెడతాయి కాబట్టి, మొదటి రోజు “చిన్న ఉల్లంకులు, 14” అని రాసి ముందుకు సాగడంలో తప్పులేదు.

*మోకాలి లోతు నీరు.* కొంగలు, తెల్ల కంకణాలు, నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు ఇక్కడ నిలబడతాయి. నత్తగుల్ల కొంగను ముక్కు మూసినా మధ్యలో మిగిలే సందుతో గుర్తుపట్టవచ్చు.

*ఆకులు, తూటికాడ ఉన్న చోటు.* ఊదారంగు నీటికోడి, పొడవైన వేళ్లతో తామరాకుల మీద నడిచే జకానా. చాలాసేపు చూస్తేగాని బయటికి రావు.

*లోతు నీరు.* మునిగి మరోచోట తేలే మునుగుడు కోళ్లు, నొసట తెల్లబొట్టున్న నల్లని బొల్లికోళ్లు, బాతులు. మొండి కొయ్యల మీద రెక్కలు ఆరబెట్టుకునేవి నీటికాకులు.

*తీగలు, ఆకాశం.* కరెంటు తీగల మీద వరుసగా కూర్చున్న వానకోయిలలను (స్వాలో పిట్టలను) చూడటం మరచిపోకండి. అవి ఉత్తరానికి ప్రయాణమయ్యే ముందు ఇలా గుంపులు కడతాయి.

వసంతంలో ప్రత్యేకంగా గమనించవలసింది రంగుల మార్పు. పొలాల్లో పశువుల వెంట తిరిగే తెల్లకొంగకు తల, మెడ, వీపు మీద నారింజ రంగు ఎక్కుతుంది. మట్టి రంగులో కనబడకుండా కూర్చునే గుడ్డికొంగ వీపు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మునుగుడు కోడి మెడ ఇటుక రంగులోకి వస్తుంది. ఒకే గుంపులో మారినవి, మారుతున్నవి, మారనివి కలిసి ఉంటాయి కాబట్టి, కొత్తవారు వాటిని మూడు వేరు జాతులుగా రాసేస్తారు. ముక్కు, కాళ్లు, పరిమాణం ఒకటే అయితే జాతి ఒకటేనని అనుమానించండి.

వెళ్లిపోయేవాటిని లెక్కపెట్టడం ఇంకో మంచి పని. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, బాపనబాతులు మార్చి గడిచేకొద్దీ పలచబడి, ఏప్రిల్ నెలాఖరుకు దాదాపు కనబడవు. పెద్ద గుంపును లెక్కించేటప్పుడు మొదట పది పక్షులను ఒకటొకటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలుచుకుని, ఆ కొలతతో గుంపును కొలవండి. గుంపు లేస్తుందనే భయంతో మొదటి నిమిషంలోనే ఉజ్జాయింపు అంకె ఒకటి రాసి పెట్టుకోవడం మంచిది.

ఇక్కడ జరిగే పొరపాట్లు, వాటికి మార్గాలు:

- *పక్షులన్నీ నల్లగా కనబడుతున్నాయి.* మీరు వెలుగుకు ఎదురుగా ఉన్నారు. ఒడ్డు మారండి.
- *ఇంకొంచెం దగ్గరికి వెళితే బాగుంటుంది.* పక్షి మేత ఆపి తల ఎత్తి చూస్తే అక్కడే ఆగండి. రెండోసారి ఎత్తితే రెండడుగులు వెనక్కి వేయండి.
- *ఒక్క పక్షి పేరు కోసం అరగంట పోయింది.* ఆకారం, ముక్కు, కాళ్ల రంగు, ఏం చేస్తోంది అనే నాలుగూ రాసి వదిలేయండి.

7. ఉదయం 8 నుంచి 9:45 వరకు: పూల చెట్టు, కాయల చెట్టు

నీటి మీద ఎండ మిరుమిట్లు గొలపడం మొదలవగానే చెట్ల దగ్గరికి మారండి. మార్చి మొదట్లో మోదుగ, బూరుగ పూలు, ఉగాదికి వేప, ఇప్ప, ఏప్రిల్‌లో కానుగ. ఏ చెట్టు విరగబూసి ఉందో ముందు నడకలో చూసి పెట్టుకున్నారు కనుక, అలాంటి ఒక్క చెట్టునే ఎంచుకుని పదిహేను, ఇరవై అడుగుల దూరంలో, చెట్టుకు పక్కవాటుగా కూర్చోండి. చెట్టు కింద నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి, పక్షుల పొట్టలు తప్ప ఏమీ దక్కవు.

మోదుగ, బూరుగ మీద గులాబి గోరింకల గుంపులు, తేనెపిట్టలు, పిగిలిపిట్టలు వస్తాయి. గులాబి గోరింకలు ఏప్రిల్‌లో మన నేల విడిచి మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి. మగ తేనెపిట్ట ఈ కాలంలో నీడలో నల్లగాను, ఎండ తగిలితే ఊదా నీలం మెరుపుతోను ఉంటుంది. దాని పక్కన పసుపు పొట్టతో తిరిగేది ఆడది.

కాయలున్న మర్రి, రావి చెట్ల మీద పచ్చపావురాలు ఉంటాయి. అవి ఆకుల్లో కదలకుండా కూర్చుంటే ఎంత వెతికినా దొరకవు. అందుకని ఆకులను వెతకడం మాని, రాలుతున్న కాయలను గమనించండి. గాలి లేకుండా కాయ రాలిన కొమ్మ మీదే పావురం గానీ కంసాలి పిట్ట గానీ ఉంటుంది.

పొలాల దారిలో తీగల మీద, రాటల మీద పాలపిట్టలను చూడండి. దసరానాడు దాని కోసం ఊళ్లన్నీ వెతికే మనం, చైత్రంలో అది నింగికి ఎగిరి, నీలిరెక్కలు తిప్పుతూ బొంగరంలా కిందికి దొర్లే ఆటను చూడకుండా వదిలేస్తాం. అరుస్తూ నిట్టనిలువుగా పైకి లేచిన పాలపిట్ట కనబడితే వెంటనే దాని మీదనే చూపు నిలపండి, ఐదారు క్షణాల్లో పల్టీలు మొదలవుతాయి.

8. గూడు కనబడితే చేయవలసినవి, చేయకూడనివి

వసంతంలో తిరిగేవారు గూడు తారసపడకుండా ఇంటికి రారు. తీతువు గులకరాళ్ల నేల మీదే గుడ్లు పెడుతుంది, సాధారణంగా నాలుగు. పసిరిక పిట్టలు (బీ ఈటర్లు) చెరువు కట్ట మట్టిలోనో ఇసుక గట్టులోనో సొరంగం తవ్వుతాయి. గిజిగాడి గూళ్లు ఇప్పుడు వేలాడుతున్నవి చాలామటుకు నిరుటివి, కొత్త అల్లకం వానల రాకతో ఊపందుకుంటుంది.

గూటికి మీరు దగ్గరయ్యారని తెలిపే గుర్తులు: పక్షి మీ తల చుట్టూ అరుస్తూ తిరగడం, నోట్లో పురుగు పట్టుకుని గూటికి వెళ్లకుండా కొమ్మ మీదే ఉండిపోవడం, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ మిమ్మల్ని మరో వైపు లాగడం. వీటిలో ఏది కనబడినా వచ్చిన దారినే వెనుదిరగండి.

దీనికి కారణం ఎండ. తీతువు తన పొట్ట ఈకలను నీటిలో తడుపుకుని వచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. మీ కారణంగా అది పది నిమిషాలు దూరంగా ఉంటే, కాలిన నేల మీద గుడ్డులోని పిల్ల చనిపోవచ్చు. అదీగాక, మనుషులు వంగి చూసిన చోటును కాకులు గమనిస్తాయి. గుడ్లను తాకడం, గూటిని కదపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని కూడా వెంట వచ్చిన పిల్లలకు ముందే చెప్పండి. గూటి ఫొటోను, అది ఉన్న చోటును ఎవరికీ పంపవద్దు.

9. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు

ఇంటికి వెళ్లిపోండి. ఈ గంటల్లో పక్షులు నీడ పట్టుకుని కదలవు, మీకేమో వడదెబ్బ ముప్పు. ఇల్లు దూరమైతే మర్రి నీడలో సద్ది తిని పడుకోండి. ఆకాశంలో వేడిగాలి మీద తిరిగే గద్దలు మాత్రం పదకొండు గంటల వరకు బాగా కనబడతాయి, పడుకునే చూడవచ్చు. తల తిరగడం, చెమట ఆగిపోవడం, వాంతి వచ్చేలా ఉండటం వంటివి కనబడితే ఆ రోజుకు అంతటితో ఆపి, చల్లని చోటికి చేర్చి వైద్యుణ్ని చూడాలి.

పెరట్లో నీళ్ల మూకుడు పెట్టినవారికి ఈ సమయమూ వృథా కాదు. వెడల్పైన మట్టి మూకుడులో రెండు అంగుళాల నీరు, మధ్యలో ఒక రాయి పెట్టి, పిల్లి దాక్కోవడానికి పొద లేని చోట ఉంచితే గోరింకలు, పిగిలిపిట్టలు, పిచ్చుకలు వస్తాయి. నీటిని రోజూ మార్చాలి.

10. సాయంత్రం 4:30 నుంచి 7 వరకు

ఇప్పుడు మీరు ఉండవలసింది పడమటి ఒడ్డున. ఉదయం చూడని కట్ట వైపు మొదలుపెట్టి, తూము దగ్గర లకుముకి పిట్టల కోసం ఆగండి. నీటి మీద గాలిలోనే ఒకచోట నిలిచి రెక్కలాడించి, నిలువునా దూకేది నలుపు తెలుపుల లకుముకి. తీగ మీద కూర్చుని పొలం వైపు కూడా చూస్తూ ఉండేది తెల్లరొమ్ముది.

ఆరు గంటలకు ఏదైనా ఒకచోట స్థిరపడి, గూటికి చేరేవాటిని లెక్కించండి. రామచిలుకలు, కొంగలు, గోరింకలు ఏ దిక్కు నుంచి ఏ చెట్టుకు ఎన్ని వచ్చాయో పావుగంటకు ఒకసారి రాసుకుంటే, రెండో సాయంత్రానికి ఆ ఊరి పక్షుల దారులు అర్థమవుతాయి. చీకటి పడుతుండగా తొర్ర అంచున కూర్చుని తల ఊపే చిన్న గుడ్లగూబతో రోజు ముగించవచ్చు. టార్చి దాని కళ్లలోకి వేయకండి.

11. ఎక్కువగా తారుమారయ్యే పక్షులు

- *కోయిల, పసుల పోలిగాడు:* రెండూ నలుపే. పోలిగాడి తోక చివర చేప తోకలా చీలి ఉంటుంది, పశువుల వీపు మీద, తీగల మీద బాహాటంగా కూర్చుంటాడు. మగకోయిలకు ఎర్రని కళ్లు, ఆకుపచ్చ ఛాయ గల ముక్కు, ఆకుల చాటు ఇష్టం.
- *ఆడకోయిల:* గోధుమ రంగు మీద తెల్లచుక్కలు, చారలు ఉండటంతో డేగ అనుకుంటారు. ముక్కు కొక్కెంలా లేకపోతే డేగ కాదు.
- *చిన్న తెల్లకొంగలు:* నల్లముక్కు, నల్లకాళ్లు, పసుపు పాదాలు ఉంటే చిట్టి తెల్లకొంగ. పొట్టి పసుపు ముక్కు ఉంటే పశువుల వెంట తిరిగే కొంగ.
- *పాలపిట్ట, తెల్లరొమ్ము లకుముకి:* రెండింటికీ నీలిరెక్కలు ఉన్నా, లకుముకికి పొడవైన ఎర్రముక్కు ఉంటుంది. పాలపిట్ట ముక్కు నలుపు.

12. రాత్రి రాసుకోవడం

అదే రాత్రి, భోజనానికి ముందు, నోటు పుస్తకాన్ని శుభ్రంగా తిరగరాయండి. మరునాటికి వాయిదా వేస్తే గుర్తులు కలిసిపోతాయి. ప్రతి చోటుకూ విడిగా ఈ వివరాలు ఉండాలి:

- తేదీ, చోటు, మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, నడిచిన దూరం
- ఎందరు చూశారు
- జాతి, సంఖ్య
- ఎండ, గాలి, చెరువులో నీరు ఎంత ఉంది
- ఏది కూసింది, ఏది పుల్లలు మోసింది, ఏది జతతో ఉంది

ఈబర్డ్‌లో పెట్టేటప్పుడు రోజంతటినీ ఒకే జాబితాగా కలపకండి. చెరువుకు ఒకటి, చెట్లకు ఒకటి, సాయంత్రానికి ఒకటి చేస్తేనే ఏ పక్షి ఎక్కడ ఉందో తెలుస్తుంది. గుర్తించగలిగినవన్నీ రాశారా అని అది అడిగినప్పుడు, కాకులు, పావురాలతో సహా రాసి ఉంటేనే అవునని చెప్పండి. కాకిని వదిలేసిన జాబితా అసంపూర్ణమే.

పేరు తెలియనివాటికి చివర ఒక పేజీ ఉంచి, రూపం, కూత, చోటు రాసి, పక్కన ఖాళీ వదలండి. నా పుస్తకంలో ఆ పేజీ మీద మొదటి ఏడాది 11 పేర్లు ఖాళీగా ఉండేవి, ఇప్పటికీ రెండు నిండలేదు. పదిహేను రోజుల తర్వాత ఇదే దారిలో, ఇవే గంటల్లో మళ్లీ నడవడానికి తేదీ ఆ పేజీ మీదే రాసి పెట్టుకోండి. అప్పటికి బాతులు వెళ్లిపోయి, గుడ్డికొంగలు పూర్తిగా రంగు మారి ఉంటాయి.